పోలమ్మ మీదికి నెట్టిన తప్పు

ఒక అబద్ధాన్ని పద్నాలుగేళ్ళుగా మోస్తున్నాను. ఒక్క మాటే. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం లేక, నన్నెరగని మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను నెల్లూరు దగ్గర, సముద్రపు ఒడ్డు పల్లెలో నర్సుని. ఒక ఉదయం పోలమ్మ తన మొగుణ్ణి ఆసుపత్రికి తీసుకొచ్చింది. వేట నుంచి వచ్చి పడవను ఒడ్డుకు లాగుతుంటే, అల ఎత్తేయడంతో దాని అంచు అతని ఎడమ కణతకు తగిలింది. నడిచే వచ్చాడు. కుట్లు వేస్తుంటే నాతో పరాచికాలాడాడు. ఒకసారి వాంతి అయింది. ఎండ దెబ్బ అనుకున్నాను. డాక్టరు గారు క్యాంపుకి వెళ్ళారు.

"నిద్ర నిద్ర అంటన్నాడక్కా, పడుకోబెట్టేదా?" అని పోలమ్మ అడిగింది.

"రాత్రంతా వేటలో ఉన్నాడు గదమే, పడుకోనీ. లేపబాక," అన్నాను.

వేటకెళ్ళొచ్చిన మగవాళ్ళు పగలు నిద్రపోవడం అక్కడ మామూలే. ఆ మామూలే నన్ను ముంచింది. నన్నా? అతన్ని కదూ ముంచింది! చూశారా, ఇప్పటికీ నా గురించే ఏడుస్తున్నాను.

తలకు దెబ్బ తగిలినవాడు కాసేపు బాగానే మాట్లాడినా లోపల నెత్తురు గడ్డకడుతూ ఉండవచ్చు, గంటగంటకీ లేపి పేరడగాలి, కళ్ళలో లైటు వేసి చూడాలి, వాంతి అయితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలి. నాకు తెలియదా? తెలుసు. పరీక్ష రాసి పాసయ్యాను. ఆ పూట ఆ చదువంతా ఏమైపోయింది?

సాయంత్రానికి ఇంట్లో పోలమ్మ ఎంత తట్టినా అతను లేవలేదు. మళ్ళీ నా దగ్గరికి మోసుకొచ్చేసరికి ఎడమ కంటిపాప పెద్దదైపోయింది. నెల్లూరులో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి.

మర్నాడు నెల్లూరు ఆసుపత్రిలో, అందరి ముందూ, క్యాంపు నుంచి తిరిగొచ్చిన మా డాక్టరు గారు నన్ను అడిగారు. "గంటగంటకీ లేపమని చెప్పలేదామ్మా?"

"చెప్పాను సార్."

పోలమ్మ నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చెప్పే ఉంటావక్కా. కంగారులో నాకే బుర్రకెక్కలా," అని తల బాదుకుంది.

ఇప్పుడు కొత్త నర్సులకు తలదెబ్బల పాఠం నేనే చెబుతాను. నిద్రమత్తును అలసట అనుకోవద్దని గొంతు చించుకుంటాను. అక్కడ పోలమ్మ ఇంకా అతనికి ముద్దలు కలిపి పెడుతోంది. లేపమంటే లేపలేదని అత్త దెప్పుతుంటే తల వంచుకుని వింటోంది. ఎన్నిసార్లో బస్సెక్కి ఆమె గుమ్మం దాకా వెళ్ళాను. నన్ను చూసి నవ్వుతుంది. యోగక్షేమాలడిగి తిరుగు బస్సెక్కుతాను. నేనేం చేసేది?

లేపమని ఆమెకు నేను చెప్పలేదు. లేపవద్దన్నాను. ఇన్నేళ్ళకు రాయగలిగాను, కాస్త ఊపిరాడుతోంది. పోలమ్మకు మాత్రం ఇంకా తెలియదు.