లేని గడ్డ

1992లో బదిలీ మీద కొత్తగూడెం వచ్చాను. ఒక బీమా కంపెనీ బ్రాంచిలో ఆరోగ్య పాలసీల క్లెయిములు చూసే అసిస్టెంట్ ఆఫీసర్ని. జబ్బుతో ఆస్పత్రిలో చేరితేనే ఖర్చు చెల్లించాలి. ముందుజాగ్రత్త పరీక్షలకు పైసా ఇవ్వకూడదు. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు. దాన్ని దాటే అడ్డదారీ వచ్చు. ఆ అతితెలివే కొంప ముంచింది.

భద్రాచలం అవతల ఆశ్రమ పాఠశాలలో టీచరు సుజాత ఒకరోజు మా ఆఫీసుకు వచ్చింది. ఆమె అక్క రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అందుకని ఏడాదికోసారి హైదరాబాదులో రొమ్ముకు ఎక్స్‌రే తీయించుకోమని భద్రాచలం డాక్టరు చీటీ రాశారు. ప్రస్తుతం ఏ బాధా లేదని కూడా నిజాయితీగా రాశారు. ఆ ముక్కతో క్లెయిము నిలవదు. ఇలాంటప్పుడు ఏజెంట్లు చేయించే పనే నేనూ చెప్పాను: గడ్డ ఉందేమోనని డాక్టరుతో అనుమానంగా రాయించుకోమని, ఒక రోజు ఆస్పత్రిలో చేరమని.

చెప్పినట్టే చేసింది. పరీక్షలో ఏమీ లేదని తేలింది. జబ్బు లేదు కనుక పై ఆఫీసు క్లెయిము తిరగ్గొట్టింది. అంతటితో పోలేదు. కాగితం మీద గడ్డ ఉండిపోయింది కదా, పాలసీ రెన్యువల్‌లో ఇక రొమ్ము జబ్బులకు బీమా వర్తించదని రాసి పంపారు. ఆ కాగితం పట్టుకుని ఆమె మళ్లీ మా ఆఫీసుకు వచ్చింది.

సుజాత తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"రోగం లేదంటే పైసలియ్యరు, ఉందేమోనంటే ఆ రోగాన్నే పాలసీలకెల్లి తీసేస్తరు. గిట్లయితే నేనేం కోరుకోవాలె మేడమ్?" అంది.

బస్సెక్కి భద్రాచలం పోయి డాక్టరును బతిమాలాను. అది అనుమానమేనని, గడ్డ లేదని ఆయన రాసిచ్చారు. నా తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం జతచేసి పంపాను. నాలుగు నెలలు టపా వచ్చినప్పుడల్లా ముందు ఆ జవాబు కోసమే వెతికేదాన్ని. చివరికి ఆమె పాలసీ సరిచేశారు, నాకు మెమో ఇచ్చారు. న్యాయమే.

పాలసీ చేతికిస్తూ, డాక్టరు నేర్పినట్టు నెలనెలా చేత్తో తడిమి చూసుకుంటున్నారా అని అడిగాను. తల వంచుకుంది.

"లేదు మేడమ్. గడ్డ దొరికితే ఏం జెయ్యాలె అని, ఈ నాలుగు నెలలు చెయ్యే పెట్టలె."

రిటైరయ్యేదాకా మరెవరి కాగితం మీదా లేని జబ్బు పెట్టించలేదు. బీమా డబ్బు రాదు, అయినా పరీక్ష మానకండి అని ముఖం మీదే చెప్పేదాన్ని. మొదటిరోజే సుజాతకు ఆ మాట చెప్పి ఉండాల్సింది.