ఇత్తడి స్క్రూల శోభ

మా బావకి విజయనగరంలో బట్టల కొట్టుంది. కొత్తింట్లో కాంక్రీటు గచ్చు మీద చెక్క పలకలు పరిపించాడు. గచ్చుకి చిల్లులు పెట్టి, ప్లగ్గులు దించి, పొడుగాటి స్టీలు స్క్రూలు బిగించమన్నాను. ఆయన కంటికి పొట్టి ఇత్తడి స్క్రూలే ఆనాయి. అవి గచ్చులోకి గోరంతైనా దిగలేదు.

"ఒరే, వచ్చినోళ్ళకి మెరుపు కనిపిస్తాది గానీ, లోపలెంత దిగిందో ఎవుడు సూస్తాడ్రా?" అన్నాడు. ఆయన తెలివి కూడా అంతకంటే లోతుకి ఎప్పుడూ దిగలేదు.

గృహప్రవేశం రోజున ముందుగా ఆవుని లోపలికి తోలారు. అది కాలు మోపగానే పలక అవతలి కొస పైకి లేచింది. ఆవు బెదిరి వెనక్కి తిరిగి, మెరిసే ఆ స్క్రూల మీదే పేడ వేసి పోయింది.

"శుభం!" అని బావ మురిసిపోయాడు. స్క్రూలకి తగిన మర్యాద జరిగినందుకు ఆవుకి నేనూ దండం పెట్టాను.