చూడకుండా చదివిన వరుసలు

నాకు ముక్కు మీద కోపం. పదో తరగతిలో అది ఇంకా ఎక్కువగా ఉండేది. మనుషుల మీదే కాదు, పుస్తకాల్లో పిల్లల మీద కూడా కోపమొచ్చేది. ఆ ఏడాది మా క్లాసు మేడమ్ మా చేత నెలకో నవల చదివించారు. అన్నీ మా ఈడు పిల్లల కథలే. చదివాక కథ రాయకూడదు. చదువుతున్నంతసేపూ మనకేమనిపించిందో నోటుబుక్కులో రెండు పేజీలు రాయాలి.

మొదటి నవలకి నేను పుస్తకం వెనక అట్ట మీదున్న నాలుగు వాక్యాలు అటూ ఇటూ తిప్పి రాసేశాను. మేడమ్ కింద ఎర్రసిరాతో "ఇది అట్ట చెప్పిన మాట. నువ్వేమంటావ్?" అని రాశారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేనేమంటానో కావాలా, అయితే తీసుకోండి అనుకుని రెండో నవల మీద విరుచుకుపడ్డాను. అందులో ఒక పిల్ల తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ, ఇంట్లో ఒక్క ముక్క చెప్పకుండా కొండెక్కుతుంది. "ఇది ధైర్యం కాదు, ఒళ్ళు పొగరు. ఒక్క వారం మా అమ్మ దగ్గరుంచితే దారిలో పడుతుంది" అని రాశాను. మేడమ్ "మీ అమ్మగారిని ఒకసారి చూడాలి" అని జవాబు రాశారు. ఆ అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. ఆవిడ మా నోటుబుక్కులు ఇంటికెళ్తూ బస్సులో దిద్దుతారని క్లాసంతటికీ తెలుసు.

ఆవిడ ఎక్కే బస్సు నడిపేది మా నాన్నే, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా అదే రూటు. నిమిషం అటూ ఇటూ కాకుండా వస్తాడని అందరూ ఆయన్ని ఠంచను డ్రైవరనేవారు. ఇంట్లో కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నా కుడికాలు బ్రేకు తొక్కుతున్నట్టు కదిలేది. అమ్మ టైలరింగ్ షాపులో కుట్టేది. ఈయనకి నాకన్నా ఆ స్టీరింగే ఎక్కువ అని రోజూ దెప్పేది. నాన్న కాదనేవాడు కాదు.

నాన్న ఎడమకన్ను మసకబారుతోందని ఇంట్లో మొదట కనిపెట్టింది నేనే. గ్లాసులో పోయాల్సిన నీళ్ళు బల్ల మీద పోశాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. అమ్మ ఇంట్లో లేనప్పుడు చెప్పాడు, ఆ కంటికి పొగ కమ్మినట్టు ఉంటోందని. డిపోలో ఏటా జరిగే కంటి పరీక్ష ఇంకో పది రోజుల్లోనే ఉంది. అందులో తప్పితే స్టీరింగ్ దగ్గరికి రానివ్వరు. బస్సు లేకపోతే నేనేం మనిషినమ్మా అన్నాడు నాన్న. ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు.

నాకు ఏ పేజీ అయినా రెండుసార్లు చూస్తే కంఠతా వచ్చేస్తుంది. మర్నాడు క్యారేజీ ఇచ్చే నెపంతో డిపోకి వెళ్ళి, పరీక్ష గదిలో గోడకున్న అక్షరాల అట్ట చూసి వచ్చాను. మొత్తం ఎనిమిది వరుసలు. కూరలు తరుగుతూ, బట్టలు మడతేస్తూ పరీక్ష దాకా రోజూ నాన్న చేత అప్పజెప్పించాను. తడబడితే మొట్టికాయ వేస్తానని బెదిరించాను కూడా. నాన్న గడగడా చదివి గట్టెక్కేశాడు. నాకో మంచి పెన్ను కొనిచ్చాడు. ఆ పెన్ను జేబులో ఉంటే నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

మూడో నవల ఆ పెన్ను వచ్చిన నెలలోనే ఇచ్చారు. నది మీద జనాన్ని దాటించే పడవవాడికి చేతులు వణుకుతుంటాయి. అతని కూతురే వెళ్ళి రేవు అధికారికి చెప్పేస్తుంది. పడవ పోతుంది, ఊరంతా ఆ పిల్లని మెచ్చుకుంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. క్లాసులో చివరి పీరియడ్‌లో కూర్చుని, నాన్న కొన్న పెన్నుతోనే ఏకబిగిన రాశాను: "కన్నతండ్రిని పట్టించినదాన్ని ధైర్యవంతురాలంటారా? నాన్నంటే ప్రేమున్న పిల్ల ఏం చేస్తుందో నన్నడగండి. మా నాన్నకి ఎడమకన్ను కనపడదు. పరీక్ష అట్ట మొత్తం నేనే బట్టీ పట్టించాను. ఇప్పటికీ బస్సు నడుపుతున్నాడు." బెల్లు కొట్టారు. నోటుబుక్కులన్నీ మేడమ్ సంచిలోకి వెళ్ళిపోయాయి.

గేటు దాకా ఈల వేసుకుంటూ నడిచాను. అక్కడ, సంచి భుజాన వేసుకుని బస్టాపు వైపు వెళ్తున్న మేడమ్ కనిపించారు. అప్పుడు తెలిసొచ్చింది నేనేం చేశానో. పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న నన్ను నమ్మి చెప్పిన ఒక్క మాటని, ఎవరితోనో వాదనలో గెలవడానికి రాసి పారేశాను. అబద్ధం చెప్పి పరీక్ష దాటాడంటే ఉద్యోగం ఊడటంతో పోతుందా, కేసు పెడతారా, జైలా? నాకేమీ తెలీదు. తెలిసిందల్లా ఆ నోటుబుక్కు వెనక్కి తెచ్చుకోవాలని. పరుగెత్తాను.

బస్సెక్కేసరికి నాన్న అద్దంలో నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు. అమ్మ షాపుకి వెళ్తున్నానని అబద్ధమాడాను. మేడమ్ ఎడమవైపు మూడో సీట్లో కూర్చుని, ఒళ్ళో నోటుబుక్కులు పెట్టుకుని దిద్దుతున్నారు. నన్ను చూసి జరిగి పక్కన చోటిచ్చారు. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన నా పుస్తకం పైనుంచి నాలుగోది. ఆవిడ ఒకటి ముగించి అడుక్కి నెట్టారు. నాది మూడోదయింది. మేడమ్, నాది ఒక్కసారిస్తారా, తప్పులున్నాయి, దిద్దుకుంటానన్నాను. దిద్దడం నా పనిలేవే అని నవ్వి రెండోది తీశారు.

అంతలో ఒక స్టాపొచ్చింది. చేతిసంచితో ఒక పెద్దావిడ ముందు తలుపులోంచి దిగింది. దిగగానే సంచి తెగి ఉల్లిపాయలు రోడ్డు మీద దొర్లాయి. ఆవిడ వంగి, ఎడమ ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి ఏరుకోసాగింది. కిటికీలోంచి నాకు ఆవిడ నెరిసిన తల, వెన్ను స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాన్న ఎడమవైపు చూశాడు. నేను చూశాను ఆయన చూడడం. చూసి, గేరు వేశాడు.

బస్సు కదిలింది. నేను అరవాలి. అరిస్తే నాన్నకి కనపడలేదని అందరికీ తెలిసిపోతుంది. ఆ లెక్క వేస్తూ ఒక్క క్షణం నోరు మూసుకున్నాను. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం నోరు మూసుకున్నాను. ఈలోగా వెనక తలుపులోంచి కండక్టర్ బాబాయ్ విజిల్ గట్టిగా ఊదాడు. నాన్న బ్రేకు వేశాడు. పెద్దావిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుని, రెండు ఉల్లిపాయలు వదిలేసి పేవ్‌మెంట్ ఎక్కింది. కండక్టర్ మళ్ళీ విజిల్ ఊదితే బస్సు కదిలింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

బ్రేకు కుదుపుకి నోటుబుక్కులన్నీ కింద పడ్డాయి. నేను వంగి ఏరాను. నా చేతులు ఎంత వణుకుతున్నాయంటే, ఆ నవల్లో పడవవాడి చేతులు నాకొచ్చాయనుకున్నాను. నా పుస్తకం దొరికింది. జాకెట్లో దోపుకుంటే ఎవరికీ తెలీదు. దాని కోసమే కదా వచ్చాను. కానీ చక్రం పక్కన వంగిన ఆ నెరిసిన తల నా కళ్ళముందు నుంచి పోవడంలేదు. రేపు కూడా ఈ బస్సు ఇదే స్టాపులో ఆగుతుంది. రేపు బాబాయ్ ఎవరితోనో చిల్లర గొడవలో ఉంటే?

పుస్తకం దొంతర పైన పెట్టి ఇచ్చాను. మేడమ్ తెరిచారు. నేను ఆవిడ ఎర్రపెన్ను ములికినే చూస్తూ కూర్చున్నాను. అది కాగితాన్ని తాకలేదు. ఆవిడ చదవడం ముగించి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. తరవాత పెన్నుకి మూత పెట్టి, నాన్న వీపు వైపు చూశారు. ఆవిడ దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆవిడ దిగలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆఖరి స్టాపు డిపో గేటే. అందరూ దిగిపోయాక మేడమ్ నోటుబుక్కు నా ఒళ్ళో పెట్టి, మెల్లగా అడిగారు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే లేచి ముందుకెళ్ళాను. నాన్న టవల్‌తో మొహం తుడుచుకుంటున్నాడు. అమ్మ షాపు దాటిపోయింది కదే, దిగలేదేం అన్నాడు.

"నాన్నా, ఇందాక స్టాపులో ఆ పెద్దావిడ నీకు కనపడిందా?"

"ఏ పెద్దావిడ? ఎవరో ఎక్కాలని బాబాయ్ విజిలేస్తే ఆపాను."

చక్రం దగ్గర చెయ్యి పెట్టిందనీ, కిటికీలోంచి నేను చూశాననీ, చూసి అరవలేదనీ చెప్పాను. పుస్తకంలో రాసింది కూడా చెప్పాను. నాన్న నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కుడికాలు బ్రేకు మీద బిగించి, ఆగి ఉన్న బస్సుని చాలాసేపు ఆపుతూనే కూర్చున్నాడు. చక్రం ఎంత దగ్గరికొచ్చిందని ఒక్కసారి అడిగాడు. జానెడు అన్నాను. తాళం తీసి కండక్టర్ బాబాయ్ చేతిలో పెట్టి, బస్సు దిగి పరీక్ష గది వైపు నడిచాడు.

తలుపు దగ్గర నన్ను ఆపేశాడు. "నువ్వు బయటుండు తల్లీ. ఈసారి నేనే చదువుతాను."

లోపల ఎవరో కుర్చీ జరిపారు. కుడికన్ను మూసుకోమన్నారు. నాన్న మొదటి వరుస చదివాడు. రెండో వరుస నత్తినత్తిగా చదివాడు. ఆ తరవాత ఏమీ వినపడలేదు. మూడో వరుస నాకు తెలుసు, నాన్నకీ కంఠతా వచ్చు. చదివేస్తాడేమోనని భయం వేసింది, చదవడేమోననీ భయం వేసింది. నోటుబుక్కు పళ్ళ మధ్య పెట్టుకుని గట్టిగా కొరుకుతూ నిలబడ్డాను.

"ఇక కనపడడం లేదండీ" అన్నాడు నాన్న.