నాన్న మందు మానిన ఆదివారాలు

ఆసుపత్రి వరండాలో ఫినాయిల్ వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు గానీ, నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. మొన్న మా అబ్బాయికి జ్వరమని నరసరావుపేట తీసుకెళ్లినప్పుడు, అప్పుడే తుడిచిన తడినేల మీద కాలు పెట్టగానే, పదేళ్ల పిల్లనై నాన్న చెయ్యి పట్టుకుని అదే ఊళ్లో ఒక పాత బడి మెట్లెక్కుతున్నట్టే అనిపించింది.

మాది ఈపూరు పక్కన ఒక పల్లె. మిరప కోతలప్పుడు ఊరంతా ఘాటెక్కిపోయేది, కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య తుమ్ముకుంటూనే దాగుడుమూతలు ఆడేవాళ్లం. ఎండాకాలం సాయంత్రాలు అమ్మ వాకిట్లో నీళ్లు చల్లితే లేచే మట్టివాసనలో నాయనమ్మ గోంగూర పచ్చడి కలిపి, వెన్నపూస అద్ది, ముద్దలు చేతుల్లో పెట్టేది. నాన్న తాగుతున్న రోజుల్లో ఆ ముద్ద చేతిలో ఉండగానే మా చెవులు వీధి మలుపు వైపు పోయేవి, నాన్న చెప్పుల చప్పుడు తిన్నగా వస్తోందా, తూలుతూ వస్తోందా అని. పాపం, నాన్న ఎవరినీ కొట్టేవాడు కాదు. తాగి ఏడ్చేవాడు, పొద్దున్నే ఒట్టేసేవాడు, సాయంత్రానికి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేవాడు.

కామెర్లతో నాన్న నరసరావుపేట ఆసుపత్రిలో పడితే, అక్కడి నర్సు అమ్మను పక్కకు పిలిచింది. "మళ్లీ తాగితే మనిషి దక్కడమ్మా. ఆదివారాలు తాగుడు మానేటోళ్లంతా ఈ ఊళ్లోనే ఒక బళ్లో కూర్చుంటారు, అక్కడికి పంపించు" అంది. ఆ బడి వెతకడానికే ఒక పూట పట్టింది. గుమ్మానికి బోర్డు లేదు. టీ బంకు ఆయన్ని అడిగితే, "ఏ పార్టీ వాళ్లు?" అన్నాడు. మా పల్నాట్లో పదిమంది మగవాళ్లు ఒక గదిలో కూర్చున్నారంటే ఎలక్షన్లు దగ్గరపడ్డాయనే లెక్క.

దారిలో బ్రాందీ షాపు ముందు నాన్న కాళ్లు ఆగకుండా అమ్మ నన్ను తోడు పంపేది. "నాన్న చెయ్యి వదలమాకమ్మా" అనేది. చూసేవాళ్లు మాత్రం తండ్రే బిడ్డను నడిపిస్తున్నాడనుకునేవాళ్లు. నాన్న లోపలికి వెళ్లాక, ఫినాయిల్‌తో కడిగిన ఆ వరండాలో మిగతా పిల్లలతో అచ్చంగాయలు ఆడుతూ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ, లోపలి గొంతులు వినీ విననట్టు వింటుండేదాన్ని. ఒకాయన చెబుతూ చెబుతూ ఏడ్చేవాడు, కాసేపటికి అందరూ పగలబడి నవ్వేవాళ్లు. తాగకుండా కూడా మగవాళ్లు అంతగా నవ్వుతారని నాకు అక్కడే తెలిసింది.

రెండో వారం నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల బల్ల మీద సాంబయ్య కూర్చుని ఉన్నాడు. ఆయనదీ మా ఊరే, కానీ అవతలి వర్గం. వాళ్లింట్లో పెళ్లికి మేం వెళ్లం, మా ఇంట్లో చావుకు వాళ్లు రారు. నాన్న వెనక్కి తిరుగుతాడనుకున్నాను. సాంబయ్య కాస్త పక్కకు జరిగాడు. నాన్న వెళ్లి ఆ ఖాళీలో కూర్చున్నాడు. ఎవరు వచ్చారో, ఏం చెప్పుకున్నారో గడప దాటి బయటికి పోకూడదన్నది అక్కడి కట్టుబాటు.

ఇద్దరూ కలిసి టీ తాగడం ఎవడి కంట పడిందో గానీ, కోటప్పకొండ తిరునాళ్ల వేళకు నాన్న పార్టీ మారుతున్నాడని ఊరంతా గుప్పుమంది. మా వర్గం వాళ్లు కొండకు తోలుకెళ్లే ఎత్తైన ప్రభ కడుతున్నారు. వెదురు బద్దలకు రంగు గుడ్డలు చుడుతున్న నాన్నను మా వర్గం పెద్దాయన అందరి ముందూ నిలదీశాడు.

"ఏందిరా కోటేశూ, సాంబయ్యతో పేటలో మంతనాలంట? పోదల్చుకుంటే చెప్పి పో."

తాగడానికి మా ఊళ్లో ఎవరికీ సిగ్గు లేదు, మానలేకపోతున్నానని చెప్పుకోవడమే సిగ్గు. ఈ మాట పడలేక నాన్న ఆదివారాలు వెళ్లడం మానేస్తాడని, ఇక మాకు దక్కడని భయమేసి, వెళ్లి నాన్న పక్కన నిలబడ్డాను.

"పార్టీ లేదు, ఏం లేదు బాబాయ్. నేను తాగుబోతుని. మానటానికి పోతన్నా" అన్నాడు నాన్న.

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన కళ్లు మెరిశాయి. "అయితే ఆ సాంబయ్య కూడా అందుకేనా?"

అవతలి వాడి గుట్టు దొరికితే మా వాళ్లకు అంతకన్నా తిరునాళ్లేముంది!

"నా సంగతి నేను చెప్పా. ఆయన సంగతి నాకు తెలవదు" అని నాన్న మళ్లీ గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు. ఆ ఆదివారం మేం ఎప్పటిలాగే బస్సెక్కాం. ఆ తర్వాత కూడా నాన్న ఒకటి రెండుసార్లు జారాడు గానీ, ఆ గది దారి మాత్రం వదల్లేదు.

ఇప్పుడా బడి లేదు. దాన్ని పడగొట్టి సెల్‌ఫోన్ల దుకాణాలు కట్టారు. మానేవాళ్లు ఇప్పుడు ఫోన్లలోనే కలుసుకుంటున్నారట, మంచిదే. నాతో అచ్చంగాయలు ఆడిన పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. నిరుడు నాన్న ముసలితనంతో, మా అందరి మధ్య, ప్రశాంతంగా పోయాడు.

పాడె కడుతుండగా సాంబయ్య మా వీధిలోకి వచ్చాడు. పెద్దాయన కొడుకు అడ్డంగా నిలబడి, "ఇక్కడ నీకేం పని?" అన్నాడు.

"నేనూ తాగుబోతునే అబ్బాయ్" అన్నాడు సాంబయ్య, రెండు వర్గాల వాళ్లకూ వినపడేలా. "ఆనాడు ప్రభ కాడ మీ నాయన ఎంత అడిగినా ఈయన నా గుట్టు చెప్పలా. అందుకని నేనే చెప్పుకుందామని వచ్చా."

పెద్దాయన కొడుకు పక్కకు తప్పుకుని, పాడె పట్టడానికి సాంబయ్యకు చోటిచ్చాడు.