చూసింది చెప్పమ్మా

నాకు కారు నేర్పిన అన్న పోయారన్న కబురు, కళ్యాణదుర్గంలో నేను బండి నడుపుతుండగా వచ్చింది. ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తలేదు. స్టీరింగు పట్టుకుని ఫోన్ ఎత్తితే ఆయన తిట్టే తిట్లు అలాంటివి. పక్కకు తీసి నిలిపాకే విన్నాను.

"మధ్యాన్నం నమాజు కాంగానే ఎత్తుతారత్తా, బిన్నా రా," అన్నాడు ఆయన కొడుకు. కంబదూరు దాకా పోవాలి. కడసారి ముఖం దక్కుతుందో లేదోనని వెంటనే బండి తిప్పాను.

అన్న దగ్గర ఎవరూ నోరు మూసుకుని బండి నేర్చుకోలేదు. కంటికి కనిపించిందల్లా పైకి చెప్పించేవారు. "ఎడమ పక్క మేకలు. ఎదురుగా ఆటో, దాంట్లోంచి ఒక కాలు బయటికి..." అని నేను అప్పజెబుతుంటే, పక్క సీట్లో సోంపు నములుతూ వినేవారు.

"నోరు నిల్చిందంటే మనసు యాడికో పోయినట్లేమ్మా," అనేవారు. నా మాట ఆగగానే, నేర్పే బండ్లలో ఉండే ఆయన వైపు బ్రేకు పడేది.

మా వైపు రాని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ పీకిన ఉలవచెట్లను రోడ్డు మీదే పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. తప్పించుకుని పోతే రైతులు కసురుకుంటారు. నేర్చుకునే రోజుల్లో ఒకసారి నేనైతే ఉత్సాహంగా అటూ ఇటూ తిప్పి మరీ తొక్కుతున్నాను. టక్కున బ్రేకు పడింది.

"యాడ చూస్తాండావు?"

"ఉలవల్ని అన్నా."

"ఆ చివర వంగి ఊడుస్తాండే అవ్వ కనపల్లేదా?"

కనపడలేదు. అవ్వ తల కూడా ఎత్తలేదు, ఊడ్చుకుంటూనే ఉంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

"నాకూ గుండె జల్లుమన్యాది," అన్నారు మర్నాడు. "భయపడు, తప్పులేదు. కండ్లు మాత్రం మూసుకోవద్దు."

కంబదూరు దారిలో ఒక్కదాన్నే పైకి చెప్పుకుంటూ పోయాను. గుంత. ట్రాక్టరు. బడి పిల్లలు. అంతలో ఆయన ముఖం గుర్తొచ్చి నోరు ఆగిపోయింది. ఆ కాసేపట్లో ఏమేం దాటానో ఇప్పటికీ తెలియదు. బ్రేకు వేసే మనిషి పక్కన లేడు. బండి పక్కకు తీశాను. ఆలస్యమవుతుందని తెలుసు, అయినా ఏడుపు తెరిపిచ్చేదాకా తాళం తిప్పలేదు. ఆ రోజు దారిలో ఎవరికీ ఏమీ కాలేదంటే అది ఆయన చలవే.

ఊరి మొదట్లోనే అన్నను మోసుకొస్తున్న జనాజా ఎదురైంది. భుజాలు మార్చుకుంటూ నా బండి ముందు నుంచే రోడ్డు దాటుతున్నారు. అటు నుంచి వచ్చే బస్సుకు ఆయన కొడుకు చెయ్యి అడ్డం పెట్టాడు. బస్సు ఆగింది, దాని వెనక లారీ ఆగింది. ఎవరూ హారను కొట్టలేదు. ముఖం నాకు దక్కలేదు. పైన కప్పిన పచ్చగుడ్డ అంచు గాలికి లేస్తే, మోసేవాళ్లలో ఒకతను నడుస్తూనే దాన్ని మెల్లగా సర్దాడు.