మందస బస్సులో కొంగుముడి

పలాస నుంచి మందస పోయే బస్సులో ఒకామె తన కొంగును పక్కనున్న భర్త చొక్కాకు ముడేసి కూర్చుంది. నా నోరు ఊరుకుంటుందా? "ఏటప్పా, మళ్లీ పెళ్లేటి?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఒగ్గేత్తే బ్రాందీ కొట్టు కాడ దిగిపోతాడు తమ్ముడా. తాగుడు మానిపించే ఆసుపత్రికి తీసుకెళ్లాను. బీమా కార్డు తాగుడుకి సెల్లదని తిప్పి పంపేసినారు."

"కిడ్నీ జబ్బని సెప్పకపోయావా?" అన్నాను. ఇంటికో కిడ్నీ రోగి ఉండే ఉద్దానం వాణ్ణి కదా, మాకు ముందు గుర్తొచ్చేది అదే.

"సెప్పాను. పరీక్ష సేసి, కిడ్నీలు బాగున్నాయన్నారు. మా ఊర్లో అందరికీ పోతన్నాయి, ఈడికే పోలేదు," అని ఏడ్చింది.



కొట్టు దగ్గర బస్సు ఆగింది. నిద్రపోతున్నాడనుకున్న భర్త, కళ్లు తెరవకుండానే, ఆ ముడిని తనే ఇంకాస్త బిగించుకున్నాడు.