మారీసు పిల్ల మా మేడ మీద ఉన్న రోజులు

ఎల్బీనగర్ దగ్గర మన్సూరాబాద్‌లో మాకో చిన్న ఇల్లుంది. కింద మా అమ్మా నేనూ ఉంటాం, మేడ మీద పోర్షన్ కిరాయికిస్తాం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంట్స్ చెబుతాను. కరోనాకి ముందు ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, టులెట్ బోర్డు చూసి ఒక అమ్మాయి గేటు తీసుకుని లోపలికొచ్చింది. చామనఛాయ, ఉంగరాల జుట్టు, వీపున పెద్ద సంచి.

"నమస్కారమండీ. దయచేసి నాకు గదిని చూపగలరా?" అంది. ఒక్కో మాటా విడివిడిగా, పాఠ్యపుస్తకంలోంచి ఏరుకొచ్చినట్టు.

మారిషస్ నుంచి వచ్చానని చెప్పింది. మన ప్రభుత్వం ఆ దేశపు పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్ మీద ఇక్కడ తెలుగు ఎం.ఏ. చదువుతోంది. చదువయ్యాక వాళ్ల దేశంలో బడిపిల్లలకు తెలుగు చెప్పాలట. హాస్టల్ తిండి పడక గది వెతుక్కుంటోంది. అమ్మకి ఇష్టం లేదు. పరాయి దేశం పిల్లకి ఇల్లిస్తే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలని ఎవరో చెప్పారు. ఏదో వంకపెట్టి పంపేద్దామనుకుంటూనే, ఊరికే మాటవరసకి, మీ ఇలవేల్పు ఎవరని అడిగింది.

"సింహాద్రి అప్పన్న," అంది ఆ పిల్ల.

అమ్మ పుట్టింది అనకాపల్లి పక్క పల్లెలో. మా ఇంట్లో అందరికీ పుట్టువెంట్రుకలు తీయించింది ఆ కొండ మీదే. అమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టి, పైకి తీసుకెళ్లి చూపించమంది, నల్లా ఎప్పుడొస్తుందో కూడా చెప్పమంది.

మారిషస్ అనడం అమ్మకి నోరు తిరగలేదు. మారీసు అనేది. అలా ఆ అమ్మాయి మా వీధి మొత్తానికీ మారీసు పిల్ల అయిపోయింది. రోజూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి యూనివర్సిటీకి వెళ్లేది. సాయంత్రాలు నేను క్లాసు ముగించుకుని వచ్చేసరికి దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ కింద నాకోసం నిలబడి ఉండేది. బస్టాండు పక్కన పునుగులు కొనుక్కుని, అవి తినేదాకా ఆ రద్దీలోనే నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లం. వాళ్ల ఊళ్లో సాయంత్రం ఆరయ్యేసరికి కొట్లన్నీ మూసేస్తారట. ఈ జనాన్నీ, ఈ హారన్లనీ చూస్తూ ఎంతసేపైనా నిలబడగలనని అనేది.

దాని అసలు చదువు మా ఇంటి చుట్టూనే సాగింది. కింద మా అమ్మది అనకాపల్లి మాట. పక్కింట్లో ఉండే నర్సక్కది నల్లగొండ మాట. ఆవిడ మలక్‌పేటలో ఒక దవాఖానలో నర్సు, ఆదివారం చర్చికి వెళ్లొచ్చాక గోడ మీద మోచేతులు ఆనించి అందరి మంచిచెడ్డలూ అడిగేది. ఈ పిల్ల ఇద్దరి దగ్గరా నేర్చుకుంది. ఒకనాడు అమ్మ అన్నానికి పిలుస్తుంటే, "జర ఆగు అమ్మమ్మా, ఏటంత తొందర?" అంది మెట్ల మీంచి. నర్సక్క గోడవతల నవ్వుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

దానికి అక్కడొక అవ్వ ఉండేది, తండ్రి తల్లి. ఆ అవ్వే దీన్ని పెంచింది. సాయంత్రం ఫోన్‌లో ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునేవారు. కొన్నాళ్లకి ఆ ఫోన్ మా అమ్మ చేతిలోకి వచ్చింది. అవ్వ తెలుగులో సగం ఫ్రెంచి కలిసిన వాళ్ల క్రియోల్ భాష మాటలే, అయినా ఇద్దరికీ మోకాళ్ల నొప్పుల గురించీ గుమ్మడికాయ పులుసు గురించీ మాట్లాడుకోవడానికి అడ్డేమీ రాలేదు. అవ్వ తాత చెరుకు నరకడానికి ఓడలో వెళ్లాడట. తిరిగొచ్చినవాళ్లు లేరట. ఒకసారి మా ఊరు రమ్మని అమ్మ అంటే, అవ్వ నవ్వి, నా బదులు పిల్లని పంపానుగా అంది.

తరవాతి ఎండాకాలం లాక్‌డౌన్ వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. మారీసు పిల్ల మేడ మీద ఇరుక్కుపోయింది. వాళ్ల ద్వీపంలో కూడా అన్నీ మూసేశారు. ఢిల్లీలో వాళ్ల దేశపు హైకమిషన్ నుంచి ఒక అధికారి అప్పుడప్పుడూ ఫోన్ చేసి, రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుంటున్నాయనీ ఓపిక పట్టమనీ చెప్పేవాడు. అంతకుముందు రెండు దేశాల స్నేహం అంటే నాకు టీవీలో కనపడే కరచాలనాలూ, వెనకాల రెండు జెండాలూ, అంతే. ఆ నెలల్లో అది మా మేడ మీద మోగే ఫోన్ అయింది. అది మోగితే ముగ్గురం చెవులు రిక్కించేవాళ్లం.

ఆ రోజుల్లోనే అవ్వ పోయింది. జ్వరం కాదు, ఏమీ కాదు, మధ్యాహ్నం కునుకులోనే. పిల్ల తలుపేసుకుంది. నేను పిలిచినా తీయలేదు. అమ్మ ఆ ఏడాదిలో మేడెక్కింది లేదు. ఆరోజు రెయిలింగ్ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. తలుపు దగ్గర కూర్చుని లోపలికి వినపడేలా చెప్పింది.

"నేనూ మా అమ్మ పోయినప్పుడు వెళ్లలేకపోయానే. ఇక్కడే ఏడ్చాను. నువ్వూ ఇక్కడే ఏడువు, నా దగ్గర."

కాసేపటికి తలుపు తెరుచుకుంది.

మనిషి పోతే అక్కడ మీరు ఏం చేస్తారని అమ్మ అడిగింది. పదో రోజున నట్టింట్లో నిలువెత్తు కుంది పెట్టి, దీపం వెలిగించి, చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారట. మా ఇంట్లో అంత కుంది లేదు. నర్సక్క ఎవరినో అడిగి మోయించుకొచ్చింది. డ్యూటీ పాస్ ఉన్నది ఆవిడకొక్కదానికే, పూలు కూడా ఆవిడే తెచ్చింది. మీ ప్రార్థనలో నేనుండొచ్చా అని గుమ్మం బయట ఆగిపోతే, అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

ఫోన్‌ని పుస్తకాల దొంతరకి ఆనించి పెట్టాం. అందులో వాళ్ల నాన్న, మేనత్తలు, వాళ్లింట్లో దీపం. పిల్ల మొదలుపెట్టింది. పాదాలు నేలకి మెల్లగా తాకిస్తూ దీపం చుట్టూ తిరుగుతూ పాడింది. అటువైపు వాళ్లూ అందుకున్నారు. సిగ్నల్ వల్ల వాళ్ల గొంతులు ఒక చరణం వెనకగా వచ్చేవి. ఇక్కడ పాడేసిన మాట కాసేపటికి అక్కణ్ణుంచి మళ్లీ వినపడేది. అరిగిపోయిన మాటలవి, కొన్ని నాకు అర్థం కాలేదు. అమ్మ గోడకానుకుని తాళం వేస్తూ, తెలిసిన చోట గొంతు కలిపింది. నర్సక్క కళ్లు మూసుకుని నిలబడింది. ఎదురిళ్ల బాల్కనీల్లోకి జనం వచ్చి, పాట అయ్యేదాకా ఉండి, చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు హైకమిషన్ ఫోన్ వస్తే అమ్మ లాక్కుంది. ఆయన ఇంగ్లీషులో ఏదో అంటుంటే పట్టించుకోలేదు.

"బాబూ, ఈ పిల్లని ఒక్కదాన్నీ దారుల్లో వదిలేయకండి. పెద్దదాన్ని పోగొట్టుకుని ఉంది."

అవతలి నుంచి నెమ్మదిగా, తడుముకుంటూ, తెలుగు వచ్చింది.

"అమ్మగారూ, నేనూ తెలుగువాణ్ణే. నా చెల్లెలిలా పంపిస్తాను."

అమ్మ ఫోన్ తిరిగిచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. ముంబై నుంచి ప్రత్యేక విమానం ఖాయమైంది. ఇక్కడ చిక్కుకున్న మరో ఇద్దరు అమ్మాయిలతో కలిపి ముంబై దాకా ఒక కారు ఏర్పాటు చేశారు. తెల్లారాక ఆ కారు మా గేటు ముందు ఆగింది. అది ఆవకాయ కాలం. అమ్మ కొత్త జాడీ నుంచి తీసి సీసాలో గట్టిగా మూతపెట్టి ఇచ్చింది. నర్సక్క మాస్కులూ జ్వరం మాత్రలూ ఇచ్చి, "చేరంగనే ఫోన్ జెయ్యి బిడ్డా," అంది. ఒకరినొకరు తాకకూడని రోజులవి. అయినా పిల్ల మా ముగ్గురినీ వాటేసుకుని వెళ్లింది.

చేరాక ఫోన్ చేసి బావురుమంది. అక్కడి విమానాశ్రయంలో ఆవకాయ సీసా తీసేసుకున్నారట, తిండి పదార్థాలు రానివ్వరట. రెండు దేశాలకీ ఇంత స్నేహమైతే ఊరగాయ దగ్గర పేచీ ఎందుకని అమ్మ చాలా రోజులు అడుగుతూనే ఉంది.

ఇప్పుడా పిల్ల అక్కడి బళ్లో తెలుగు టీచరు. పెళ్లయింది. టీవీలో ఆ దేశపు పెద్దలు మన ఢిల్లీకి వచ్చారంటే అమ్మ సౌండ్ పెంచి, గోడ మీంచి నర్సక్కని కేకేస్తుంది. మన పిల్ల వాళ్ల ప్రభుత్వం వచ్చిందంటుంది.

పోయిన చలికాలం వాళ్ల నాన్న వచ్చాడు, కూతురితో కలిసి. ఆయన అక్కడ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ల వంశంలో ఓడెక్కినవాడి తరవాత ఈ నేల మీద కాలుపెట్టిన మగవాడు ఆయనే. అమ్మ కాళ్లకి దండం పెట్టి, మా హాల్లో కూర్చుని, దీపం పెట్టిన చోటు ఏదని కూతుర్ని అడిగాడు. చూపిస్తే అక్కడే నేల మీద కాసేపు కూర్చున్నాడు. పాటల్లో తప్ప తెలుగు మాట్లాడటం ఆయనకి పెద్దగా రాదు.

మర్నాడు వాళ్ల భజన బృందానికి ఇత్తడి తాళాలు కొనాలంటే ఇద్దరినీ దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లాను. జత జతనీ చెవి దగ్గర మోగించి చూసుకున్నాడు. కొట్టాయనకి ఆయన పట్టుకున్న తీరు నచ్చినట్టుంది, ఏ ఊరు మీదని అడిగాడు. కూతురు జవాబు చెప్పబోతే ఆయన ఆపి, తనే చెప్పాడు.

"కోరంగి."

వాళ్ల దేశంలో తెలుగువాళ్లని ఆ పేరుతోనే పిలిచేవారట, ఆ రేవులో ఓడెక్కారని. ఆ పిల్ల తరవాత చెప్పింది. కొట్టాయనకి అదేం తెలుసు? కాకినాడ పక్కనే కదా, మా వదినగారిది అటే అన్నాడు, తాళాలు కాగితంలో చుడుతూ. పిల్ల నాన్న తలూపాడు. బయటికొచ్చాక ఆ పొట్లాం నన్ను మొయ్యనివ్వలేదు. మెట్రో మెట్ల దాకా రెండు చేతులతో పట్టుకుని, జనంలో దారి చేసుకుంటూ మా ముందు నడిచాడు.